కాలవ కట్ట మీద, గుడారాల్లో ఉండే పిల్లలు బడికొస్తే: చేర్చుకోవడం, నిలుపుకోవడం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నెల్లూరు ఊరి అంచున మున్సిపల్ హైస్కూలు. కాలవ కట్ట మీద పట్టలు కట్టుకుని ఉంటున్న కుటుంబాల నుంచి ఆరుగురు పిల్లలు వస్తున్నారు. ఇద్దరికి ఆధార్ లేదు, ఒకడికి పాత బడి నుంచి టీసీ రాలేదు. వారంలో రెండు రోజులు కనపడరు. వచ్చిన రోజు మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతారు. స్టాఫ్ రూములో అందరూ "హాస్టల్లో వేసేయండి మేడం" అంటున్నారు. క్లాస్ టీచరుగా ఏం చేయాలి?

మేడం, హాస్టల్ మాట కాసేపు పక్కన పెట్టండి. అది మొదటి మందు కాదు, చాలాసార్లు మందే కాదు. ఈ పిల్లలకు ఉండే చోటు ఎప్పుడైనా మారిపోవచ్చు. మునిసిపాలిటీ వాళ్లు లేపితే మారుతుంది, వానొస్తే మారుతుంది, మేస్త్రీ వేరే పనికి పిలిస్తే మారుతుంది. మారకుండా ఉండగలిగింది బడి ఒక్కటే. మీరు చేసే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో చూసుకోండి: దీనివల్ల ఈ పిల్ల ఇదే బడిలో ఇంకొన్నాళ్లు ఉంటుందా, వెళ్లిపోతుందా?

ముందు చేర్పించుకోవడం. 2009 విద్యాహక్కు చట్టం మీ వైపే ఉంది, కానీ ఏ సెక్షన్ దేనికి పనికొస్తుందో తెలిసుండాలి. వయసు కాగితం లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదు, అది సెక్షన్ 14. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు, అది సెక్షన్ 5. టీసీ ఇవ్వకుండా తిప్పించుకునే పాత బడి హెడ్మాస్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలన్నది సెక్షన్ 15. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది సెక్షన్ 4. పదేళ్ల పిల్లను అక్షరాలు రావని ఒకటో తరగతిలో కూర్చోబెడితే వారం తిరక్కుండా మానేస్తుంది. ఆధార్ సంగతికొస్తే, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో తేల్చి చెప్పింది. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని సెక్షన్ 9 చెబుతోంది. అంటే మీ కార్పొరేషన్‌కు మీరు రాసే ఉత్తరం బతిమాలుకోవడం కాదు, వాళ్ల పని వాళ్లకు గుర్తు చేయడం.

ఒక హద్దు మాత్రం ఉంది. ఈ చట్టం ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది, పది తరగతుల్లో చేరేవాళ్ల టీసీ కోసం పాత బడికి ఉత్తరం రాసి, నకలు ఎంఈఓకి (మండల విద్యాధికారికి) పంపండి. ఫోన్లో అడిగితే "పంపిస్తాం" అంటారు, పంపరు. కాగితం మీద అడిగితే కదులుతుంది.

పుట్టిన తేదీ రాసేటప్పుడు తొందరపడకండి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. అమ్మకు తేదీ గుర్తుండదు, క్లర్కు జూన్ 1 అనో జనవరి 1 అనో రాసేస్తాడు. నాలుగేళ్ల తర్వాత ఆధార్‌లో ఇంకో తేదీ పడుతుంది. రెండూ కలవక పథకాలు ఆగిపోతాయి, పదో తరగతి మెమోలో ఏది పడితే అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకని అమ్మను తేదీ అడక్కండి, ఏం జరిగినప్పుడో అడగండి. "2015లో నవంబరు వరదలొచ్చినయి కదమ్మా, అప్పటికి ఈ పిల్ల చంకలో ఉందా, కడుపులో ఉందా?" "కరోనా లాక్‌డౌన్‌కి నడుస్తా ఉందా?" "పెన్నకు 2021లో వరదొచ్చినప్పుడు ఎక్కడున్నారు?" "రొట్టెల పండగ ముందా, తర్వాతా?" ఇలా నాలుగు ప్రశ్నలకు నెల దాకా తేలుతుంది. ఆ తర్వాత కాన్పు ఎక్కడ జరిగిందో అడగండి. సర్కారు ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు చాలావరకు జనన నమోదు అయ్యే ఉంటుంది, వాళ్లు సర్టిఫికెట్టు తెచ్చుకోలేదంతే. పేరు లేకుండా నమోదై ఉంటే ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్లలోపు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. అసలు నమోదే లేకపోతే ఏడాది దాటిన కేసు గనక ఆర్డీఓ ఆఫీసు నుంచి ఉత్తర్వు కావాలి. అది నెలల పని. దానికోసం చేర్పించుకోవడం ఆపొద్దు. ఏఎన్ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లి లేదా సంరక్షకుడి లిఖిత ప్రకటన కూడా వయసుకు ఆధారంగా చెల్లుతాయి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల సంగతీ అప్పుడే చూడండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకు పుట్టిన తేదీ రుజువుకు జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మార్చారు. చంకలో బిడ్డకు ఇప్పుడే తీయిస్తే ఐదేళ్ల తర్వాత ఇంకో టీచరుకు ఈ తలనొప్పి ఉండదు.

అడ్మిషన్ రిజిస్టరులో చిరునామా గడి ఖాళీగా వదలొద్దు, ఊహించి డోరు నంబరూ రాయొద్దు. "ఫలానా కాలవ, ఫలానా తూము దగ్గర, తూర్పు కట్ట" అని గుర్తులతో రాయండి. ఫోన్ నంబర్లు మూడు తీసుకోండి: తల్లిది, సొంతూర్లో ఉన్న చుట్టానిది ఒకటి, మేస్త్రీదో, పక్కన టీకొట్టు వాళ్లదో ఒకటి. రీఛార్జి చేయించుకోలేక తల్లి నంబరు మూడు నెలలకోసారి మారిపోతుంది. సొంతూరి చుట్టం నంబరు మారదు.

బడుల, పిల్లల వివరాలెక్కించే ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ఇంకో చిక్కుంది. వేరే బడిలో ఒక్క రోజు చదివిన పిల్లకైనా 11 అంకెల పెన్ నంబరు (బడి మారినా మారని శాశ్వత విద్యా సంఖ్య) ఉండి ఉంటుంది. అది దొరకలేదని మీరు కొత్త ఎంట్రీ వేస్తే ఒకే పిల్ల రెండు చోట్ల కనపడుతుంది. ఆ తర్వాత ఏ లెక్కా కుదరదు. పాత బడి వాళ్లు పిల్లను డ్రాప్‌బాక్స్‌లోకి (యూడైస్‌లో బడి వదిలిన పిల్లల జాబితాలోకి) వదలాలి, మీరు అక్కడి నుంచి దిగుమతి చేసుకోవాలి. వాళ్లు వదలకపోతే ఎంఈఓ ఆఫీసు నుంచి చెప్పించండి. ఇదే నియమం మీ బడికీ వర్తిస్తుంది. పిల్ల నెల రోజులు రాలేదని పేరు కొట్టేయొద్దు. సంక్రాంతి దాటాక మిరపకోతలకు వెళ్లిన కుటుంబం ఏప్రిల్‌కు తిరిగొస్తుంది. పేరుంటే పిల్ల నేరుగా వచ్చి తరగతిలో కూర్చుంటుంది. పేరు పోతే తల్లి మళ్లీ కాగితాలకు భయపడి గేటు దగ్గరికే రాదు.

ఇక గైర్హాజరు. "వాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు" అనే మాట స్టాఫ్ రూములో ఆపించండి. పిల్ల రాని ప్రతి రోజుకూ పక్కన ఒక్క మాటలో కారణం రాయండి. మూడు వారాలకు మీకే కనపడుతుంది. చిన్న తమ్ముణ్ని చూసుకోవడానికి ఆగిపోతే దానికి మందు అంగన్‌వాడీ. మూడేళ్లు నిండిన పిల్లవాణ్ని అక్కడ కూర్చోబెడితే అక్క బడికొస్తుంది. కట్టకు దగ్గర్లో ఏ కేంద్రముందో చూసి, అక్కడి అంగన్‌వాడీ టీచరుతో మీరే మాట్లాడండి, తల్లిని ఒంటరిగా పంపితే "మీది ఈ ఏరియా కాదు" అంటారు. పనికి తీసుకుపోతుంటే, పద్నాలుగేళ్లు నిండని పిల్లను పనిలో పెట్టుకోవడం నేరమని తండ్రికి కాదు, మేస్త్రీకి చెప్పండి. తండ్రి చేతిలో ఏమీ ఉండదు. ఇటుక బట్టీలో అడ్వాన్సు తీర్చేదాకా కదలనివ్వడం లేదని తెలిస్తే అది వెట్టి. 1976 చట్టం కింద ఆర్డీఓకి లేదా సబ్ కలెక్టరుకి తెలియజేయాలి. పిల్ల ద్వారా తెలిసిన సంగతని ఎక్కడా బయటపెట్టకండి.

నవంబరు వచ్చిందంటే మన జిల్లాలో కారణం వాన. ఈశాన్య రుతుపవనాలతో మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, తుపాన్లూ అప్పుడే. కట్ట మీద పట్ట కింద రెండు రోజులు తడిస్తే ఆరేసుకోవడానికి జాగా ఉండదు. ఒకే యూనిఫాం ఉన్న పిల్ల తడి గౌనుతో రావడానికి సిగ్గుపడి ఆగిపోతుంది, మీరు జ్వరమనుకుంటారు. ప్రభుత్వ కిట్‌లో మూడు జతల బట్ట వస్తుంది. ఆరుగురికీ ఒక్కో జత కుట్టించి బడి బీరువాలోనే ఉంచండి, ఇంటికి పంపకండి. రెండో సెట్టు పుస్తకాలూ అంతే, పక్క బడుల్లో మిగిలినవి ఎంఈఓ ద్వారా తెప్పించుకోవచ్చు. బ్యాగు ఇంటికి తీసుకెళ్లే పిల్లకు లోపల శుభ్రంగా కడిగిన యూరియా గోతపు లోపలి ప్లాస్టిక్ సంచి ఒకటి వేసివ్వండి. పుస్తకాలు అందులో పెట్టి, మూతి రెండు మెలికలు తిప్పి, రబ్బరుబ్యాండు వేయాలి. రాత్రి తల కింద అదే దిండు. మెలిక వేయకపోతే నీళ్లు పైనుంచి కాదు, నేల మీద నుంచి ఎక్కి అడుగు పుస్తకం ఉబ్బిపోతుంది.

కొత్తగా నవంబరులో చేరిన పిల్లకు కిట్ ఉండదు, బడికి కిట్లు జూన్ లెక్క ప్రకారమే వచ్చేసి ఉంటాయి. మండలంలో మిగులు కిట్లు ఏదో ఒక బడిలో ఉంటాయి. బూట్ల సైజు కొలిచి, ఆ అంకె రాసి ఎంఈఓ ఆఫీసుకు అడగండి. "ఒక కిట్ కావాలి" అంటే దొరకదు, "ఐదో తరగతి ఆడపిల్ల, బూటు నాలుగో నంబరు" అంటే దొరుకుతుంది.

పొద్దున పూట చాలా కీలకం. ఈ పిల్లలకు కాలకృత్యాలకు, స్నానానికి చోటు ఉండదు. గేటు తొమ్మిదికి కాకుండా ఎనిమిదింపావుకు తీయించి, టాయిలెట్ తాళం తీసి ఉంచండి. ఒక బకెట్టు, మగ్గు, సబ్బు, దువ్వెన, తల నూనె సీసా. దువ్వెన ఒక్కొక్కరికీ వేరుగా ఉండాలి, లేకపోతే పేలు ఆరుగురి నుంచి తరగతికంతా పాకుతాయి, అప్పుడు వాళ్లనే అంటారు. పెద్దాడపిల్లలకు శానిటరీ న్యాప్‌కిన్లు నెలకు సరిపడా ఒకేసారి చేతికివ్వకుండా బడిలోనే ఒక మేడం దగ్గర ఉంచండి. గుడారంలో దాచుకోవడానికీ, మార్చుకోవడానికీ, పారేయడానికీ చోటు ఉండదు. నెలలో వరసగా మూడు నాలుగు రోజులు రాకపోతే కారణం ఇదేనేమో ముందు చూడండి.

మొదటి పీరియడ్ నిద్రకు బెంచీ మీద నిలబెట్టొద్దు. కాలవ పక్కన దోమలు, రాత్రి లారీల మోత, పట్ట ఎగిరిపోకుండా ఒకరు మేలుకొని కూర్చోవడం, ఇవన్నీ ఉన్నాయి. శిక్ష, అవమానం రెండూ సెక్షన్ 17 కింద నిషేధం కూడా. ఇరవై నిమిషాలు పడుకోనిచ్చి, రాగిజావ ఇచ్చే రోజైతే అది తాగించి కూర్చోబెట్టండి. ఆ పిల్ల మూడో పీరియడ్‌కు తేరుకుంటుంది. లెక్కలు, తెలుగు ఆ తర్వాతి పీరియడ్లకు మార్చగలిగితే మార్చండి. మధ్యాహ్న భోజనంలో రెండోసారి అన్నం అడిగితే వడ్డించేవాళ్లు విసుక్కోకుండా ముందే చెప్పి ఉంచండి. రాత్రి తిండి లేని రోజు మర్నాడు ఆ పిల్ల కంచంలో తెలుస్తుంది. సోమవారం ఎక్కువగా తెలుస్తుంది, ఆదివారం బడి భోజనం ఉండదు కదా.

ఇంటిపని వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే ఈ ఆరుగురికి అది అందదు. సాయంత్రం ఒక గంట లైటు కింద కూర్చునే ఏర్పాటు చేయండి, హోంవర్కు అక్కడే అయిపోవాలి. "మీ ఇంటి బొమ్మ గీయండి", "మా ఇల్లు వ్యాసం రాయండి" లాంటివి ఇవ్వకండి. పేదపిల్లలకు దుస్తుల పంపిణీ ఫొటోలు వద్దు, అసెంబ్లీలో పిలిచి ఇవ్వడం వద్దు. ఒక పిల్లకు ఇల్లు లేదన్న సంగతి హెడ్మాస్టరుకు, క్లాస్ టీచరుకు, భోజనం చూసే ఒకరికి తెలిస్తే చాలు.

అమెరికాలో 1987 నుంచి మెకిన్నీ-వెంటో అనే చట్టముంది. ఇల్లు లేని పిల్లను కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి, చోటు మారినా పాత బడిలోనే కొనసాగనివ్వాలి, రవాణా ఇవ్వాలి, ప్రతి విద్యా జిల్లాలో దీనికోసమే ఒక బాధ్యుడుండాలి. మనకు అలాంటి బాధ్యుడి పోస్టు లేదు. కాబట్టి మీ బడిలో ఒకరి పేరు రాసి పెట్టుకోండి, అందరి పనైతే ఎవరి పనీ కాదు. రవాణాకు మాత్రం మనకూ దారి ఉంది. బడి చదువుకు కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకంలో అత్యంత వెనకబడిన పిల్లలకు ఏడాదికి 6 వేల దాకా రవాణా భత్యం నిబంధన ఉంది. కుటుంబాన్ని ఊరి ఇంకో చివరకు లేపేసినప్పుడు ఇది అడగండి. ఆడపిల్లలకైతే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆర్టీసీ బస్సు ఉచితం, గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్ ఉంటే అక్కడ పనికొస్తుంది.

డబ్బు సాయాల్లో రెండు ముఖ్యం. బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం ఏడాదికి 15 వేలు, అందులో 13 వేలు తల్లి ఖాతాకు, 2 వేలు బడి నిర్వహణకు. ఈ కుటుంబాలకు ఆగిపోయేది ఎక్కువగా సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఇంటింటి కుటుంబాల జాబితాలో) పేరు లేకపోవడం వల్ల. తల్లిని "మీ బియ్యం కార్డు ఏ ఊర్లో ఉంది?" అని అడగండి. ఉదయగిరి వైపో, కనిగిరి వైపో సొంతూరు సచివాలయంలో ఉండి ఉంటుంది. ఇక్కడ కొత్తగా చేర్పించాలని తిరిగే బదులు అక్కడే సరిచేయించడం తేలిక. యానాది కుటుంబాలైతే నెల్లూరులోనే వాళ్లకోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. ఆధార్, కుల ధ్రువపత్రం రెండూ లేని కుటుంబం ఉంటే అక్కడికి పేర్ల జాబితాతో ఉత్తరం రాయండి, ఒక్కొక్కరిని పంపితే ఒక రోజు కూలి పోతుంది, పని కాదు.

రెండోది కేంద్ర బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్, నెలకు 4 వేలు. భర్త పోయిన లేదా వదిలేసిన తల్లి పిల్లలు, బంధువుల దగ్గర పెరిగే అనాథలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బులో ఉన్నవాళ్లు, నీడలేని పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు. పిల్ల బడికి వస్తోందన్న మీ ధ్రువీకరణ అందులో కీలకం. ఇది వస్తే పిల్లను హాస్టల్‌కు పంపాల్సిన అవసరమే చాలాసార్లు తప్పుతుంది.

ఇప్పుడు హాస్టల్. 2015 బాలల న్యాయ చట్టం సంరక్షణ అవసరమైన పిల్లల్లో ఇల్లూ, జీవనాధారమూ రెండూ లేని పిల్లల్ని చేర్చింది. తల్లిదండ్రులు కూలి చేసుకుని పిల్లల్ని సాకుతుంటే, పేదరికం ఒక్కటే కారణంగా వేరు చేయడం ఆ చట్టం ఉద్దేశం కాదు. సంస్థలో ఉంచడం చివరి మార్గమని అందులోనే ఉంది. పిల్ల ఒంటరిగా ఉంటే, కొడుతుంటే, పెళ్లి చేయబోతుంటే, రాత్రి రక్షణ లేకపోతే అది వేరే సంగతి. అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. లైంగిక వేధింపు అనుమానమున్నా పోలీసులకు చెప్పకపోవడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరం.

తల్లే అడిగితే హాస్టల్ మంచిదే. ఆరు నుంచి పైన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయం ఉంది, సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసులో బాలికా విద్య చూసే అధికారిని కలవండి. అయితే పంపేముందు ఒకటి తేల్చుకోండి: దసరాకు, సంక్రాంతికి హాస్టల్ మూస్తే పిల్ల ఎక్కడికి పోతుంది? దీనికి జవాబు లేకుండా పంపితే మొదటి సెలవులకే బయటికొచ్చి మళ్లీ తిరిగి వెళ్లదు. అక్కాచెల్లెళ్లను వేర్వేరు చోట్ల వేస్తే ఇద్దరూ పారిపోతారు. మొదటి రెండు వారాలు తల్లితో రోజూ ఫోన్లో మాట్లాడించమని వార్డెన్‌కు చెప్పండి. పశ్చిమ ప్రకాశంలో వలసపోయే ఊళ్ల టీచర్లు ఇది చదువుతుంటే ఒక మాట: వలస కాలంలో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ నిబంధన సమగ్ర శిక్షలో ఉంది. పిల్లలు వెళ్లిపోయాక జనవరిలో అడిగితే ఏం లాభం లేదు, సెప్టెంబరులోనే పేర్ల జాబితా ఇవ్వాలి.

చివరి పని దినం ముందు ఒక పని మర్చిపోకండి. జేబులో పట్టేంత కార్డు ఒకటి చేసి, పిల్ల పేరు బడి రికార్డులో ఉన్న అక్షరాలతోనే, పుట్టిన తేదీ, పెన్ నంబరు, తరగతి, బడి ఫోను, మీ ఫోను రాసి లామినేషన్ చేయించండి. రెండు చేయించి ఒకటి పిల్లకు, ఒకటి తల్లికి ఇవ్వండి. తల్లిది బియ్యం కార్డు పెట్టుకునే గుడ్డసంచిలో పెట్టించండి. పట్ట పోయినా, సామాను పోయినా ఆ సంచి మాత్రం ఆమె నడుముకే ఉంటుంది.